దగ్గుకు ఇల్లరికం

పెళ్లయిన కొత్తలో మా నాన్న ఎంత బతిమాలినా మా ఆయన ఇల్లరికం రాలేదు. "పెయ్యిల పానం ఉండంగ అత్తగారింట్ల కూసొని తింటనా?" అన్నాడు. అంతటి రోషగాడిని చివరికి ఇల్లరికం పంపినవాడు మా సర్పంచ్.

మా ఆయన సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. ఆ షెడ్డులో దగ్గని మనిషి ఉండడు కాబట్టి దూది దుమ్మేలే అనుకున్నాం. రక్తం పడ్డాక తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అన్నారు. గోలీలు మొదలయ్యాక మనిషి తేరుకున్నాడు. మధ్యలో ఆపితే రోగం మొండిదై మందుకు లొంగదని డాక్టర్ నన్ను నిలబెట్టి మరీ చెప్పాడు. నా భయమంతా అదే.

సరిగ్గా అప్పుడే, కోనరావుపేట దిక్కునున్న మా ఊరికి 'టీబీ లేని గ్రామం' షీల్డు మీద ఆశ పుట్టింది. అడ్డం మా ఆయన ఒక్కడే. సర్పంచ్ మా ఇంటికొచ్చాడు. మా అత్త గోడకానుకొని బీడీలు చుడుతూ వింటోంది.

"చెల్లె, బావ పేరు కోరుట్ల కాడ మీ తల్లిగారూరి టీబీ లెక్కల ఏపిస్తం. మనిషి ఈడనే ఉంటడు, దగ్గొక్కటే ఆడికి పోతది."

"మరి గోలీలన్నా?"

"యాడున్నా సర్కారు గోలీలే గదనే!"

మేం ఔననకముందే పేరు మారిపోయింది. మా తల్లిగారూరికి మాత్రం షీల్డు చేదా? "అల్లుడైతే పండుగకు రావాలె, రోగంతోని వస్తడా?" అని అక్కడి సర్పంచ్ ఆ పేరును తిప్పికొట్టాడు. మా ఊరు మళ్లీ ఎక్కించుకోలేదు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు మా ఆయన. రెండు ఊళ్లలోనూ టీబీ మాయమైంది, ఆయన ఊపిరితిత్తుల్లో తప్ప.

ఇంట్లో గోలీలు అడుగంటాయి. ఆశ కార్యకర్తను అడిగితే పాపం తల దించుకుంది.

"మనూర్ల పేషెంటే లేడక్కా. ఎవరి పేరు మీద తేవాలె?"

ఒళ్లు మండిపోయింది.

షీల్డు ఇచ్చే రోజు పంచాయతీ ముందు షామియానా వేశారు. కారులో వచ్చిన పెద్దసారు, మందులు మధ్యలో మానొద్దని మైకులో చక్కగా చెప్పాడు. నేను మా ఆయన చెయ్యి పట్టుకొని లేచి నిలబడ్డాను.

"సారూ, ఈన మా ఇంటాయన. గీ ఊరోడు కాదట, మా తల్లిగారూరోడూ కాదట. రేపటికి గోలీలు లెవ్వు. ఏ ఊర్ల దగ్గాలెనో జర మీరే చెప్పున్రి!"

మా ఆయన దగ్గనే లేదు. అయినా ముందు వరుస మొత్తం ఖాళీ అయింది. పెద్దసారు ముఖం ఎర్రబడింది. పొద్దుగూకకముందే గోలీలు ఇంటికి నడిచొచ్చాయి. షీల్డు ఇస్తున్న ఫోటో అప్పటికే దిగేశారు కాబట్టి అదీ ఊళ్లోనే ఉండిపోయింది.

ఆయనకు పూర్తిగా నయమైంది, మళ్లీ సాంచెల మీదికి పోతున్నాడు. ఇప్పుడు మా అత్త దగ్గుతోంది. కొంగు నోట్లో కుక్కుకొని, చాటుకు పోయి దగ్గుతోంది. పరీక్షకు పోదాం పద అంటే కదలదు. నిన్న గట్టిగా కోప్పడ్డాను.

ఆమె బీడీల చాట పక్కకు జరిపి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆనికైతే మీ తల్లిగారిల్లున్నది బిడ్డా. నా తల్లిగారింట్ల ఎవ్వలు మిగిలిన్రు? నన్ను యాడికి తోలుతరు?"