వడియాల మీద నీళ్ళు

మామ్మ మీద కోపంతో నేను వడియాల మీద నీళ్ళు కుమ్మరించానని మా వాళ్ళు ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతారు. అబద్ధం. వాటిని వానకి తడవకుండా కాపాడబోయాను.

నిన్న పక్కింటావిడ డాబా చల్లబడాలని నీళ్ళు చల్లుతుంటే, కాలిన సిమెంటు తడిసిన వాసనకి అదంతా గుర్తొచ్చింది.

అప్పుడు నాది ఆరో తరగతి. వానలు మూడు రకాలని సోషల్ మాస్టారు చెప్పారు. కొండ అడ్డొస్తే కురిసేది ఒకటి, తుఫాను తెచ్చేది ఒకటి. మూడోది ఎండాకాలం సాయంత్రాలది: నేల కాలి, దాని మీది గాలి వేడెక్కి, పైకి పోయి మబ్బు కట్టి కురుస్తుంది.

ఆ మే నెలలో మామ్మ డాబా మీద పాత చీర పరిచి, ఏడాదికి సరిపడా పిండి వడియాలు పెట్టి, "సాయంత్రానికి వానొస్తుందేమోనే" అని దిగులుపడింది. నేల కాలకపోతే వానెలా వస్తుందనుకుని, బకెట్లతో మోసి చీర చుట్టూ నీళ్ళు పోశాను. డాబా వాటం చూసుకోలేదు. నీళ్ళన్నీ చీర కిందికే పారాయి.

"వానకంటే ముందు నువ్వొచ్చావుటే?" అంది మామ్మ.

"వాన రాకుండా చేశాను మామ్మా."

"నీకంటే వానే నయం. ఉరిమి వస్తుంది" అంటూ ముద్దైపోయిన పిండిని గిన్నెలోకి ఎత్తుకుంది. మర్నాడు మళ్ళీ మొదటి నుంచీ పెట్టింది. నన్ను మాత్రం ఒక్క దెబ్బ వేయలేదు.

ఒక్క డాబా చల్లబడితే వాన ఆగదని తర్వాత తెలిసింది. ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రం మాకు దగ్గర్లోనే ఉన్న బెంజ్ సర్కిల్లో కుండపోతగా కురిసింది. మరి మా వీధిలో చుక్కయినా ఎందుకు పడలేదు?