ఆదెమ్మ కదలనన్న పూట

కుంజా ఆదెమ్మ పిరికిది. ఈ మాట ఊళ్లో ఎవరూ చాటుగా అనరు, ఆమె ముందే అంటారు. ఆమె కూడా అవునంటుంది. దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆమె వంటమనిషి. అంతమంది పిల్లలకు అన్నం వార్చే చేతులు స్టోర్ గది తలుపు తీయాలంటే మాత్రం వెనకాడతాయి. బియ్యం బస్తాల వెనక పాముంటుందని ఆమె నమ్మకం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కనబడలేదు కదా అంటే, "కనబడకపోతే లేదని ఎట్ల చెప్తం?" అంటుంది. గోదావరి మీద పడవ ఎక్కదు. ఖమ్మంలో బట్టల షాపుకు పోయినప్పుడు కదిలే మెట్లు చూసి కిందనే నిలబడిపోయి, చీరలు పైనుంచి తెప్పించుకుని ఏరుకుంది.

ఇంత భయస్తురాలు హిమాలయాలకు ఎట్లా పోయిందంటే, వద్దని చెప్పడానికి భయపడి పోయింది.

శారద టీచర్ ఆ స్కూల్లో చాలా కాలం హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. కల్లూరు దగ్గర పెద్ద రైతుల ఇంటి ఆడపడుచు. గొంతు విప్పితే వరండా ఆ చివరనున్న పిల్లలు కూడా లైన్లో నిలబడాల్సిందే. ఆదెమ్మకు వంటపని ఇప్పించింది ఆమే. రిటైరయ్యాక ఖమ్మంలో ఉంటూ, పొద్దున్నే నడకకు వచ్చే స్నేహితురాళ్లతో కలిసి కొండలెక్కడం అలవాటు చేసుకున్నారు. అంతకుముందు ఏడాది ఎక్కడికో పోయి, రొట్టెలూ రాజ్మా, మళ్లీ రొట్టెలూ రాజ్మా తినలేక సగమై తిరిగొచ్చారు. ఈసారి తప్పు జరగకూడదని ఆదెమ్మకు ఫోన్ చేశారు.

"ఆదెమ్మా, దసరా సెలవులకి నువ్వు నాతో రావాలి. మా ఐదుగురికీ వంట చెయ్యాలి. గ్లేసియర్ దాకా వెళ్తాం."

"అట్లనే టీచరమ్మా."

ఫోన్ పెట్టేశాక మొగుణ్ణి అడిగింది, "గ్లేసియర్ అంటే ఏంది?"

పోతయ్య పామాయిల్ గెలలు కోసే పనికి పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. "నాకేం ఎరుక? అదేందో తెల్వకుండనే అవ్ అన్నవా?"

కొడుకు రాజు ఫోన్లో వీడియో తీసి చూపించాడు. అది గడ్డకట్టిన నదట. చూస్తే కదలదట గానీ కొండ మీంచి కిందికి జారుతూనే ఉంటుందట.

"గడ్డకట్టినంక మల్ల జారుడేందిరా?" అంది ఆదెమ్మ. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

"ఫోన్ చేసి రానని చెప్పరాదు?" అన్నాడు పోతయ్య.

"చెప్త" అని ఫోన్ తీసుకుంది. అవతల శారద టీచర్ గొంతు వినగానే, "పచ్చళ్లు ఏమేం పెట్టమంటరు టీచరమ్మా?" అని అడిగింది.

అట్లా ఆమె రైలెక్కింది. రైలు తర్వాత బస్సు, బస్సు తర్వాత జీపు. జీపు ఆగిపోయిన చోట నుంచి నడక. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ, మధ్యలో గోడకు కొట్టిన అటకంత దారి. ఒళ్లంతా శారద టీచర్ ఇచ్చిన స్వెట్టర్లు, కాళ్లకు ఆమె కొనిచ్చిన బూట్లు. ఆడవాళ్లంతా ఆగి ఆగి ఎదుటి శిఖరాలు చూసి మురిసిపోతుంటే ఆదెమ్మ తన బూట్లు తప్ప ఏమీ చూడలేదు. ఎడమ చెయ్యి కొండకు ఆనించి, రాయి దొరికితే రాయి, గడ్డి దొరికితే గడ్డి పట్టుకుని నడిచింది. రాత్రయ్యేసరికి అరచెయ్యి చీరుకుపోయి ఉండేది.

పైకి పోయేకొద్దీ ఇంకో విచిత్రం. కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా బియ్యం పలుకు పోలేదు. ఇక్కడ గాలి పల్చన, అందుకే ఉడకదని శారద టీచర్ పాఠం చెప్పినట్టు చెప్పారు. ఆదెమ్మ తలూపింది గానీ మనసుకు ఎక్కలేదు. వాళ్ల ఊళ్లో కొండ మీద కొత్త కాయ కోయాలన్నా ముందు కొండకు చెప్పుకుంటారు, కోడినో కొబ్బరికాయనో ఇచ్చుకుంటారు. ఇక్కడెవరూ ఏమీ అడగలేదు, నేరుగా వచ్చేశారు. అందుకే ఈ కొండ తమకు అన్నం ఉడకనివ్వడం లేదనుకుంది. ఎవరూ చూడకుండా గుప్పెడు బియ్యంలో పసుపు కలిపి ఒక బండ మీద పెట్టి, కోయ భాషలో రెండు మాటలు చెప్పుకుంది. చెప్పాక, ఈ కొండకు మా మాట తెలుస్తుందా అని ఇంకో భయం పట్టుకుంది.

చివరి మజిలీ చెట్టూ చేమా లేని రాళ్ల మైదానం. మర్నాడు పొద్దున కిషన్‌లాల్ అందరినీ బయల్దేరదీశాడు. అతను ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన గైడు. మాటలు తక్కువ, చేత్తో సైగలెక్కువ.

"నువ్విక్కడే డేరాలో ఉండు ఆదెమ్మా, మధ్యాహ్నానికి వచ్చేస్తాం" అన్నారు శారద టీచర్.

ఆదెమ్మ చుట్టూ చూసింది. గాలికి డేరా గుడ్డ టపటప కొట్టుకుంటోంది. కనుచూపు మేర మనిషి లేడు. గ్లేసియర్ భయం ఒకవైపు, ఒంటరిగా ఉండే భయం ఇంకోవైపు. రెండింట్లో మనుషులున్న భయమే నయమనిపించింది.

"నేను కూడ వస్త టీచరమ్మా" అంది. పులిహోర నింపిన స్టీలు క్యారేజీ తువ్వాలులో మూటగట్టి, వడ్డించడానికి గరిటె దోపుకుని, వాళ్ల వెనకాల నడిచింది.

గ్లేసియర్ రాజు చూపించిన వీడియోలోలాగా తెల్లగా లేదు. పైనంతా మట్టీ రాళ్లూ, గని దగ్గర పారబోసిన బొగ్గుదిబ్బలాగా ఉంది. అక్కడక్కడ మట్టి చీలిన చోట మాత్రం కింద గాజులాంటి మంచు నల్లగా, నీలంగా మెరుస్తోంది. పగుళ్లున్నాయి. కొన్ని కాలు పట్టేంత, కొన్ని ఎద్దు పట్టేంత. ఒకదాంట్లోకి ఆదెమ్మ తొంగి చూసింది. అడుగు కనబడలేదు గానీ, ఎక్కడో లోపల నీళ్లు పరుగెత్తుతున్న చప్పుడు వినబడింది. అప్పట్నుంచి ఆమె కిషన్‌లాల్ అడుగులో అడుగు తప్ప ఇంకో చోట కాలు మోపలేదు.

కొంతదూరం పోయాక శారద టీచర్ వెనకబడ్డారు. తలనొప్పిగా ఉందన్నారు. ముఖం పాలిపోయింది. తన కోసం అందరూ ఆగిపోవడం ఆమెకు నచ్చలేదు.

"అదిగో, మనం చూడాలన్నది ఆ గుట్టేగా? మీరు వెళ్లి చూసి రండి. నేనిక్కడ కూర్చుంటాను, ఆదెమ్మ ఉంటుంది నాకు."

కిషన్‌లాల్ ఆకాశం చూశాడు. నీలంగా, శుభ్రంగా ఉంది. గుట్ట పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది. ఒక పెద్ద బండ చూపించి, ఇద్దరినీ దానికి ఆనుకుని కూర్చోబెట్టాడు. వేలెత్తి ఆదెమ్మకు మరీ మరీ చెప్పాడు, "హిల్‌నా మత్." కదలొద్దని ఆమెకు అర్థమైంది. మిగతా నలుగురినీ తీసుకుని పోయాడు.

వాళ్లు కనబడుతుండగానే మబ్బు దిగింది. వానకు ముందు మన దగ్గర కమ్ముకొచ్చే మబ్బు కాదు. లోయలోంచి పొగలాగా పాక్కుంటూ పైకొచ్చి, ముందు గుట్టను మింగింది, తర్వాత మనుషుల్ని, తర్వాత ఎదుటి రాళ్లను. చూస్తుండగానే ఆదెమ్మకు తన చెయ్యి తప్ప ఏమీ మిగల్లేదు. సన్నగా మంచు రాలడం మొదలైంది.

"టీచరమ్మా, మబ్బొచ్చింది."

తిరిగి చూస్తే శారద టీచర్ లేచి నిలబడి ఉన్నారు.

"బెల్లు కొట్టారా?" అన్నారు. మాట ముద్దగా ఉంది. "పిల్లలింకా లైన్లోకి రాలేదేం? పద ఆదెమ్మా, ప్రేయర్‌కి టైమైంది."

జ్వరం ఎక్కువైన పిల్లలు హాస్టల్లో ఇట్లాగే మాట్లాడటం ఆదెమ్మ చూసింది. అప్పుడైతే దవాఖానాకు పరుగెత్తేవాళ్లు. ఇక్కడ ఎటు పరుగెత్తాలి?

"కూసోండ్రి టీచరమ్మా, కిషన్‌లాల్ వస్తడు."

"నాకు చెప్తావా? లే, పద" అంటూ శారద టీచర్ ఆ తెల్లటి మబ్బులోకి ఒక అడుగు వేశారు.

ఆ గొంతు విని ఆదెమ్మ లేచింది. ఇన్నేళ్ల అలవాటు, కాళ్లు వాటంతటవే లేచాయి. తన కంటే పెద్దవారు, చదువుకున్నవారు, ఉద్యోగమిప్పించినవారు. పద అంటే పోవాలి. పోతే? ఇందాక తొంగి చూసిన పగులు, అందులో నీళ్ల చప్పుడు గుర్తొచ్చాయి. ఆ భయంలోనే గబుక్కున శారద టీచర్ స్వెట్టర్ వెనకనుంచి రెండు చేతులా పట్టి గుంజింది. ఇద్దరూ బండ మొదట్లో కూలబడ్డారు.

"కూసో!" అని అరిచింది ఆదెమ్మ. "నేను రాను. నిన్ను పోనియ్యను. కూసో ఈడ!"

శారద టీచర్ చెయ్యెత్తి ఆమె చెంప మీద కొట్టారు. "నీ ఉద్యోగం పీకేయిస్తాను" అన్నారు. మళ్లీ లేవబోయారు.

"పీకెయ్యి తీ" అంటూ ఆదెమ్మ తలకు చుట్టుకున్న చున్నీ విప్పి, ఒక కొస ఆమె మణికట్టుకు, ఇంకో కొస తన మణికట్టుకు బిగించి ముడేసింది. ఏడుస్తూనే వేసింది. తర్వాత తన కాలు ఆమె కాళ్ల మీద అడ్డంగా వేసి కూర్చుంది.

అప్పుడు కిందనుంచి వచ్చింది ఆ చప్పుడు. నేల లోపల మోకు తెగినట్టు, ఫట్‌మని. బండ అదిరింది. పక్కనే ఎక్కడో కనబడని రాళ్లు జారడం మొదలైంది. ఒకటి, దాని వెనక ఇంకొకటి. దొర్లుతున్నాయి, దొర్లుతూనే ఉన్నాయి, ఆగిన చప్పుడు మాత్రం రాలేదు. భయానికి ఆదెమ్మ బట్టలు తడిసిపోయాయి. ఆ సంగతి ఆమెకు కొంతసేపటికి, అవి చలికి అట్టకట్టి తొడలకు కోసుకుంటున్నప్పుడు గానీ తెలియలేదు.

అరిచింది. "కిషన్‌లాల్!" అని, "అమ్మో" అని, ఆఖరుకు పోతయ్య పేరు పెట్టి కూడా అరిచింది. మబ్బు గొంతును దూదిలాగా పీల్చేసుకుంది. పల్చటి గాలికి నాలుగు అరుపులకే ఎగపోత వచ్చింది. మూట మీద చెయ్యి పడింది. క్యారేజీ విప్పి పై గిన్నెలో పులిహోర మంచు మీద కుమ్మరించింది. అన్నం నేలపాలు చేయడం ఆమె బతుకులో అదే మొదలు. ఖాళీ గిన్నె మోకాళ్ల మధ్య ఇరికించుకుని గరిటెతో కొట్టింది. హాస్టల్లో పిల్లల్ని అన్నానికి పిలిచేటప్పుడు కంచం ఎట్లా కొడుతుందో అట్లా, ఆపకుండా.

శారద టీచర్ కొట్లాడటం మానేశారు. తల ఆదెమ్మ భుజం మీద వాలింది. అది ఇంకా భయం. "నిద్రపోకు టీచరమ్మా, నిద్రపోకు" అంటూ ఒక మాట, గిన్నె మీద ఒక దెబ్బ. వేళ్లు కొయ్యబారాయి. కుడి చెయ్యి అలిసిపోతే ఎడమ చేత్తో, అంటే టీచర్ చేతికి ముడేసిన చేత్తో కొట్టింది. ఇద్దరి చేతులూ కలిసే లేచి పడ్డాయి. ఇంతసేపు ఎవరూ రాలేదంటే వాళ్లు నలుగురూ ఏ పగులులోనో పడిపోయి ఉంటారని, కిషన్‌లాల్ కూడా పోయాడని, ఇక తామిద్దరమే మిగిలామని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. అయినా కొట్టింది. ఆపితే వచ్చే నిశ్శబ్దానికి జడిసి కొట్టింది.

ముందు ఈల వినబడింది. తర్వాత కర్ర మంచు మీద పొడుస్తున్న చప్పుడు. మబ్బులోంచి కిషన్‌లాల్ ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో బయటపడింది. వెనకాల ఒకే తాడు పట్టుకుని నలుగురూ ఉన్నారు. చప్పుడు పట్టుకుని, అడుగడుగూ కర్రతో పొడిచి చూసుకుంటూ వచ్చారట. కిషన్‌లాల్ గరిటె తీసుకోబోతే ఆదెమ్మ వేళ్లు విడలేదు. ఒక్కొక్కటే తియ్యాల్సి వచ్చింది.

శారద టీచర్‌ను వీపున కట్టుకుని అతను ఆగకుండా కిందికి దింపాడు. పైన ఉన్నకొద్దీ ప్రాణం మీదికి వస్తుందన్నాడు. ఆదెమ్మ కాళ్లు మాత్రం ఇప్పుడు మొరాయించాయి. ఆపద తప్పిందని తెలిశాకే అడుగు పడలేదు. ఇద్దరు ఆడవాళ్లు చెరోవైపు రెక్కలు పట్టుకుని నడిపించారు.

కింది పట్నంలో దవాఖానాలో ఆక్సిజన్ పెట్టాక శారద టీచర్ మెల్లమెల్లగా మామూలు మనిషయ్యారు. ఒకరోజు మధ్యాహ్నం, ఆదెమ్మ జావ కలుపుతుంటే అడిగారు.

"ఆ రోజు నాకేమీ గుర్తులేదు. నువ్వు నన్ను కొట్టావా ఆదెమ్మా?"

"లేదు టీచరమ్మా. మీరే నన్ను కొట్టిండ్రు."

శారద టీచర్ ఆమె చెంప వైపు చూశారు. "నొప్పి పుట్టిందా?"

"ఉన్ని గ్లౌజులున్నయ్ గద మీకు, అంతగనం పుట్టలే." జావ కలుపుతూ తనే చెప్పింది. "నేను మిమ్మల్ని కూసో అని ఒర్రిన. మిమ్మల్ని పట్టుకొని నువ్వు అని అన్న. భయానికి అన్న. ధైర్యం గిట్ల ఏం లేదు టీచరమ్మా, కదిలితే సస్తమని భయమై కదలలే."

శారద టీచర్ ఆమె చెయ్యి తీసుకుని మణికట్టు మీద చున్నీ కోసుకుపోయిన ఎర్రటి గుర్తు చూశారు. అట్లాంటిదే తన చేతికీ ఉంది. జావ గ్లాసు చల్లారిపోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆదెమ్మ మళ్లీ హాస్టల్ పొయ్యి దగ్గరికి వచ్చింది. పిల్లలు చుట్టూ చేరి అడిగితే చెబుతుంది. చెంపదెబ్బ మాట ఒక్కటి దాటేస్తుంది. ఇంత చూసొచ్చాక భయాలు పోయి ఉంటాయని ఊళ్లో కొందరనుకున్నారు. పోలేదు, ఒకటి ఎక్కువైంది. చలికాలం పొద్దున పామాయిల్ తోటల మీద మంచు పట్టి దారి కనబడకపోతే ఆమె గడప దాటలేదు. పిల్లలకు టిఫిన్ వేళ దాటిపోతుంది. అందుకని ఆ రోజుల్లో పోతయ్య ముందు నడుస్తాడు. వెనకాల ఆమె. స్కూలు గేటు దాకా అతను మాట్లాడుతూనే ఉండాలి, అతనెక్కడున్నాడో ఆమెకు తెలియాలి. తోటలో ఏ చెట్టుకు ఎన్ని గెలలు దిగాయో, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడిందో, నోటికి ఏదొస్తే అది చెబుతూ పోతాడు.

ఊపిరి తీసుకోవడానికి ఆగాడంటే వెనకనుంచి గొంతు వస్తుంది.

"ఉన్నవా?"

"ఉన్ననే. నడువు."