వదినను నవ్వనివ్వని మూడేళ్ళు

మా వదినను నవ్వించడం నా జన్మహక్కని అనుకునేదాన్ని. ఆడబిడ్డకు ఆ మాత్రం చనువు లేకపోతే ఎలా? ఇందుకూరుపేటలో మావి పక్కపక్క ఇళ్ళే. అన్న పెళ్ళైన మర్నాటి నుంచే ఆమెను ఆటపట్టించడం మొదలుపెట్టాను. వదినకు గట్టిగా నవ్వొస్తే మోకాళ్ళు వదులైపోయి కూలబడేది. పట్టపగలు కూర చేస్తూ చేస్తూ కునుకు తీసేది. బద్ధకమని మా అమ్మ, నీరసమని అన్న, నాటకమని నేను అనుకున్నాం. నా బుద్ధికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకరోజు వదిన గంజి వారుస్తుంటే, ఇరవై ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్న మా అన్న పీతను చూసి ఒక్క గెంతులో గట్టెక్కిన సంగతి చెప్పాను. వదిన గిన్నెతో సహా కూలిపోయింది. చెయ్యంతా కాలింది. నెల్లూరులో చూపిస్తే, ఇది నిద్రకు సంబంధించిన జబ్బనీ, నవ్వినప్పుడు ఒంట్లో పట్టు తప్పడం అందులో భాగమేననీ డాక్టరమ్మ చెప్పింది. పూర్తిగా పోదట. మందులతో అదుపులో పెట్టుకోవాలట.

నా బుర్రకెక్కింది ఒక్కటే, నవ్వితే పడిపోతుంది. ఇంటికొచ్చి అందరికీ హుకుం జారీ చేశాను. వదిన ముందు ఎవరూ జోకులు వెయ్యకూడదు. టీవీలో కామెడీ వస్తే ఛానెల్ మార్చేసేదాన్ని. "బాగున్నావా వదినా, మందు వేసుకున్నావా వదినా" అని బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు మాట్లాడాను. మూడేళ్ళు. నా నోరు నేను కట్టేసుకున్నందుకు లోలోపల గర్వం కూడా.

పోయిన ఏడాది ఆ డాక్టరమ్మ ఇలాంటి జబ్బున్న వాళ్ళను ఇంటివాళ్ళతో సహా పిలిపించింది. కొత్త పరిశోధన మొదలుపెట్టే ముందు, ఏది మెరుగైతే మేలో జబ్బున్నవాళ్ళనే అడగాలని ఆమె పట్టుదల. ముత్తుకూరు నుంచి వచ్చినాయన డ్యూటీలో కునుకు పట్టకపోతే చాలన్నాడు. వదిన వంతు వచ్చింది. పడిపోవడం తగ్గాలంటుందని, నేను తల ఊపడానికి సిద్ధంగా కూర్చున్నాను.

"పడేదానికి అలవాటు పడినానమ్మా" అంది వదిన. "మా ఆడబిడ్డ నాతో ఎగతాళి మానేసి మూడేళ్ళయింది. నా మీద మనసు ఇరిగిందేమోనని అడగలేక ఉండా. నవ్వతా బతికే దారి ఏదన్నా చూడండి."

తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను. డాక్టరమ్మ ఆ మాటను తన కాగితంలో అన్నిటికన్నా పైన రాసుకుంది. పడబోయే ముందు ఎలా ఉంటుందో వదినను అడిగి తెలుసుకుని, "పొయ్యి దగ్గర, మెట్ల మీద వద్దు. కింద కూర్చున్నప్పుడు, పక్కన మనిషి ఉన్నప్పుడు నవ్వించండి" అని నాతో చెప్పింది. ఇంత చిన్న ఉపాయం మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. అంతమందిలో ఒక్కరమూ ఆమెను అడగలేదు మరి.

ఇంటికి చేరి కాళ్ళు కడుక్కోగానే వదిన చాప పరిచి, గోడకు చేరగిలబడి కూర్చుంది.

"ఇంక మొదలుపెట్టు మే" అంది. "పడితే బెదరబాక. నేను లేవలేనే గానీ, నాకంతా వినపడతా ఉంటది."

పక్కనే కూర్చున్నాను. తీరా చూస్తే నాకు ఒక్క జోకూ గుర్తు రాలేదు. ఏడుపు ముంచుకొచ్చింది, ముక్కు కారింది, చేతికి ఏదీ దొరక్క చాప అంచుతో తుడుచుకోబోయాను. అది చూసి వదిన పకపకా నవ్వింది. నవ్వుతూనే తల వాలి నా భుజం మీద పడింది. చేతులు ఒళ్ళోకి జారిపోయాయి. అన్నను కేకెయ్యబోయి ఆగాను.

ఆమె తలను రెండు చేతులా పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "నీ మీద మనసు విరగలేదు వదినా. నాకు భయమేసింది."