అత్త పేరు లేని తొమ్మిది పాటలు

మొన్న శుక్రవారం ఇక్కడే దోహాలో, అల్ అజీజియాలో ఉన్న ఒక పాత స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళుతుంటే దారిలో మా అమ్మాయి కారులో ఒక పాట పెట్టింది. ఈమధ్య పల్లెల్లో పాడేవాళ్ళు ఏ క్యాసెట్ కంపెనీ గడపా తొక్కకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఇంటి అరుగు మీదే రికార్డు చేసుకుని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టేసుకుంటున్నారు కదా, అలాంటి పాటే అది. ముగ్గురు ఆడపిల్లల గొంతులు, ఒక డప్పు, వెనకెక్కడో కోడి కూత. పాట అందుకోకముందు అందులో ఒక పిల్ల పాట నేర్పిన గురువు పేరు, ఆ గురువుకు నేర్పిన వాళ్ళ పేర్లు, తోడుగా నేర్చుకున్నవాళ్ళ పేర్లు వరుసగా రాగం తీసి చెప్పుకుంటూ పోతోంది. మా అల్లుడు విసుగ్గా, "ఇది స్కిప్ చెయ్యి, అసలు పాట రానీ" అన్నాడు. నేను "ఉండనివ్వండయ్యా!" అని ఎంత గట్టిగా అరిచానంటే కారులో అందరూ ఉలిక్కిపడ్డారు. పాపం, అల్లుడి తప్పేమీ లేదు. పాతికేళ్ళ కిందట నేనూ అచ్చం అదే మాట అన్నాను, అనడమే కాదు, చేశాను కూడా.

నా ఈడువాళ్ళకు అప్పటి దోహా గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మేముంటున్న అల్ తుమామాలో ఆ రోజుల్లో ఇన్ని ఇళ్ళు లేవు. ఇంటికి ఫోను చెయ్యాలంటే కార్డు గీకి నంబర్లు నొక్కుతూ కూర్చోవాలి, ఊరి నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో ఆవకాయ సీసా పక్కన రెండు పాటల క్యాసెట్లు వస్తే అదే మాకు పండగ. తెలుగు కుటుంబాలు తక్కువే అయినా అందులోనూ రెండు లోకాలుండేవి. గోదావరి వైపు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన మాలాంటి ఇంజనీర్లూ డాక్టర్లూ కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి. ఊరి చివర క్యాంపుల్లో పదేసి మంది ఒక గదిలో ఉండే ఉత్తర తెలంగాణ కూలీలది రెండోది. సైటులో తప్ప ఈ రెండూ ఎదురుపడేవి కావు. పడకపోవడమే సహజమని నేను అనుకునేవాణ్ణి, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మా సైటులో ఇనుప కడ్డీలు కట్టే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. క్యాంపులో అందరికంటే పెద్దవాడు గనుక అందరూ మామా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన కడ్డీలకు తీగ చుడుతూ పాడుతుంటే పక్కన పనిచేసే నేపాలీలు, బెంగాలీలు కూడా చేతులాపి వినేవారు. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త పెంచిందట, ఆ మేనత్త ఊళ్ళో పేరున్న పాటగత్తె. ఆవిడకు అక్షరం ముక్క రాదు గానీ ఎన్నో తరాల పాటలు కంఠతా వచ్చు. అందులో సగమే తనకిచ్చిందని, తెల్లవార్లూ నడిచే పెద్ద కథాపాటలు ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నాయని, వచ్చే సెలవులో అవి నేర్చుకోవాలని మామ ఎప్పుడూ అంటుండేవాడు.

అప్పట్లో నేను మా సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిని. ఉగాదికి ఒక సీడీ తీసుకువద్దామని, అందులో మామ పాటలు పెడదామని నాకు తోచింది. ఆలోచన మంచిదే, అది మాత్రం ఇప్పటికీ అంటాను. అల్ రయ్యాన్‌లో ఒక మిత్రుడి విల్లాలో గది గోడలకు పరుపులు ఆనించి, చప్పుడు చేస్తుందని ఏసీ ఆపేసి, రెండు శుక్రవారాలు కూర్చోబెట్టి పాడించాను. చెమటలు ధారగా కారుతున్నా మామ చెవి మీద చెయ్యి తీయలేదు. తోడు తెచ్చుకున్న ఇద్దరు క్యాంపువాళ్ళు వంత పాడారు. తొమ్మిది పాటలు. ప్రతి పాటకూ ముందు ఒక నిమిషంపాటు పేర్లు: అత్త పేరు, అత్తకు నేర్పిన ముసలమ్మ పేరు, ఆవిడకు ముందు వాళ్ళవి, అత్త దగ్గర నేర్చిన తోటివాళ్ళవి, అన్నిటికంటే చివర తన పేరు. ఒక్కసారి చెప్తే చాలదా మామా అని అడిగాను. ఆయన నవ్వి, "అత్త పేరు తలువంది పాట ఎత్తద్దు సార్. ఎత్తితె అది దొంగపాట అయితది" అన్నాడు. అంటే నాకు తెలుసు. తెలియక చేసిన పని కాదు నాది.

ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ తొమ్మిది నిమిషాలూ కోసేశాను. మా సంఘంలో వాళ్ళకు ఆ పేర్ల చిట్టా విసుగు పుట్టిస్తుందనుకున్నాను, పాట సూటిగా మొదలైతే నాగరికంగా ఉంటుందనుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చి ఇస్తూ ఆ ముందు భాగమే బాగుంది, ఎందుకు తీసేస్తున్నారంది. సంగీతం గురించి నీకేం తెలుసు అని కసిరాను. నాకేదో తెలిసినట్టు! పైగా అట్ట మీద పెద్ద అక్షరాల్లో 'సేకరణ' అని నా పేరు వేసుకున్నాను. మామ పేరు వెనక అట్ట మీద చిన్నగా వేయించాను. అత్త పేరు ఎక్కడా లేదు. ఉగాదినాడు హాల్లో చప్పట్లు కొట్టి నాకు శాలువా కప్పారు, నేను కప్పించుకున్నాను. మామకు ఆ రోజు డ్యూటీ.

సీడీలు చేతికొచ్చిన మర్నాడే మామకు సెలవు ప్రయాణం. వినే తీరికే లేక ఐదు సీడీలు పెట్టెలో పెట్టుకుని మురిసిపోతూ వెళ్ళాడు. అక్కడ జరిగింది ఆయన తిరిగి వచ్చాక చెప్పగా విన్నాను. దుబాయిల పాడిన పాటలట అని వాడకట్టంతా వచ్చి కూర్చున్నారట. గల్ఫ్ అంతా వాళ్ళకు దుబాయే కదా. అత్త తలంటు పోసుకుని, కొత్త చీర కట్టుకుని, పక్కింటి నుంచి తెచ్చిన ప్లేయర్‌కు ఎదురుగా కూర్చుందట. మొదటి పాటలో తన పేరు రాలేదు. రెండోదాంట్లో వస్తుందేమోనని చూసింది. అలా తొమ్మిది పాటలూ కదలకుండా విని, లేచి లోపలికి వెళ్ళిపోయిందట. ఆ సెలవంతా మామ గడపలో కూర్చుని, తాను పేరు తలుచుకునే పాడానని ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. పెద్ద పాట ఒక్కటీ ఇవ్వలేదు.

రాగానే సైటు ఆఫీసుకు వచ్చి నిలబడి, "సార్, అత్త పేరు ఎటు వోయింది?" అని అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేనే కోసేశాను మామా, తప్పయిపోయింది, మీ అత్తకు ఉత్తరం రాస్తాను అని అంటే అక్కడితో పోయేది. కానీ నేను నోటికొచ్చిన అబద్ధం ఆడాను. మిషన్‌లో పోయింది, సీడీలో జాగా చాలక అదే తినేసింది అన్నాను. ఆయన నమ్మాడు. "మిషన్‌కు ఏం ఎరుక సార్, అత్తకే సమజ్ చెయ్యాలె" అని, నన్నే ఊరడించి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన సైటులో పాడటం నేను వినలేదు. ఏడాది తిరక్కుండా నేను వేరే కంపెనీకి మారాను. మారినందుకు లోలోపల హాయిగా అనిపించిందని కూడా రాసేస్తున్నాను, ఇంత రాశాక దాచడమెందుకు.

కారులో విన్న ఆ పేర్లు అవే పేర్లు. కోసేటప్పుడు అన్నిసార్లు విన్నాను గనుక నాకు నోటికి వచ్చు. పాడిన పిల్ల ఆ అత్తకు మనవరాలని తర్వాత తెలిసింది. వరుసలో అందరూ ఉన్నారు, మామ పేరు మాత్రం లేదు. ఇంటికి వచ్చి, అమ్మాయి చేత వెతికించి, ఆ పిల్లకు జరిగిందంతా రాశాను, తప్పు నాది, మామ పేరు చేర్చమ్మా అని వేడుకున్నాను. మర్నాడు గొంతు మెసేజ్ పంపింది. "అమ్మమ్మ ఎట్ల చెప్పిందో అట్లనే చెప్తం సార్. అమ్మమ్మ పోయి నాలుగేండ్లాయె, మేం కలుపరాదు. పెద్దబాపు ఇక్కడనే ఉంటడు. మేం పాడుతుంటె వచ్చి ఎనుక కూసుంటడు, వంత గూడ అందుకోడు." పెద్దబాపు అంటే మామే. ఆయన నంబరు కూడా పంపింది.

మూడు రోజులు తటపటాయించి ఫోను చేశాను. పాతికేళ్ళయినా సార్ అనే పిలిచాడు. దాచకుండా చెప్పాను. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మెల్లగా అడిగాడు: "కోసిన ముక్కలు ఉన్నయా సార్? ఉంటె జర పంపుండ్రి. పోరికి వినిపిస్త. నేను అత్త పేరు తలిచిన్నని నా గొంతుతోటే ఒక్కలకన్న తెల్వాలె."

లేవు. కంప్యూటర్‌లో జాగా లేదని ఆ రోజే చెరిపేశాను. ఆ మాటా చెప్పాను.

కాలం ఎంత మారిందో అని మనం ఊరికే అనుకుంటూ ఉంటాం. ఇప్పుడు పాడేవాళ్ళకూ వినేవాళ్ళకూ మధ్య నాలాంటి పెద్దమనిషి అక్కర్లేదు. ఆ పిల్లలు తమ పేర్లు తామే చెప్పుకుంటున్నారు, ఆపేవాడు లేడు, అది చూస్తే నాకు నిజంగా సంతోషం. నా ఫోనులో ఎందుకూ పనికిరాని ఫోటోలు వేలల్లో పడి ఉన్నాయి, ఒక్కటీ చెరపను, చెరపాల్సిన అవసరమే రావడం లేదు. ఒక మనిషి నిజం చెప్పాడనడానికి ఉన్న సాక్ష్యం మొత్తం తొమ్మిది నిమిషాలు. దానికి మాత్రం ఆనాడు నాకు చోటు లేకపోయింది.