రోడ్డుకు అటువైపు భర్త

1960ల్లో హైదరాబాద్ నాంపల్లిలో మా పక్క పోర్షన్ అక్క సాయంత్రం భర్తతోనే బయల్దేరేది. అబిడ్స్ చేరగానే ఆయన రోడ్డు దాటి ఇరానీ హోటల్లో కూర్చునేవాడు. ఆమె ఒక్కతే గాజుల దుకాణాల ముందు మెల్లగా నడుస్తూ, అద్దం కనిపిస్తే ఆగి జడలో పూలు సర్దుకునేది. చాయ్ చల్లారిపోతున్నా ఆయన ఆమెనే చూసేవాడు.

కొట్లాడుకున్నారేమోనని అడిగితే పకపకా నవ్వింది.

"కొట్లాటేంది పిల్లా! గట్ల దూరంకెళ్లి చూస్తే నేను కొత్తగ కనిపిస్తనట. ఆయన చూస్తున్నడంటే నా నడకే మారుతది."

నా గుండె తేలికపడింది. నేను తల దువ్వుకుంటుంటే మా ఆయన పరదా చాటునుంచి చూసేవాడు. అది ఆయనకు జబ్బనీ, నచ్చుతున్నందుకు నాకూ జబ్బేననీ అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఆ సాయంత్రం పరదా కొంచెం పక్కకు జరిపి, దువ్వెన పట్టుకుని కూర్చున్నాను.