థామసిన్ కిటికీ

నార్తంబర్లాండ్ తీరంలోని ఆ పల్లె సముద్రపు ఒడ్డునే ఉన్నా, రేవులో నిలబడితే సముద్రం సంగతి తెలిసేది కాదు. అడ్డంగా కొండకొమ్ము. దాని అవతల నీళ్లెలా ఉన్నాయో ఇళ్ల వరుసలో చివరిదైన థామసిన్ హాస్వెల్ మేడ కిటికీలోంచే కనబడేది. తెల్లవారగానే చేపలవాళ్లు ఆ కిటికీ కింద నిలబడి "ఎలా ఉంది, పిన్నీ?" అని ఒక్కసారి అడిగేవారు. ఆవిడ ఒక్క మాట చెప్పేది. రెండోసారి అడిగితే సముద్రానికి కోపం. పడవకేసి నడిచేవాణ్ణి వెనక్కి పిలవడం అంతకన్నా పాపం.

ఆ మాటలు ఆవిడకు తల్లి దగ్గర్నుంచి వచ్చాయి, కిటికీతో పాటే. 'లౌన్' అంటే ఒడ్డు చాటున గాలి పడిపోవడం. చాటు దాటితే పూచీ లేదు. 'స్మోల్ట్' అంటే కనుచూపు మేర నీళ్లు నూనె పోసినట్టు ఉండటం. ఆవిడ లౌన్ అంటే మగవాళ్లు ఇంటికి పోయి వలలు బాగుచేసుకునేవారు. స్మోల్ట్ అంటే పడవలు తోసేవారు. ఇక 'రూ' సముద్రానిది కాదు, మనుషులది. బతుకంతా చాకిరీ చేసినవాడు చివరికి వాలే విశ్రాంతి. చావింటి గడపలో పల్లెకు పెద్దావిడగా థామసిన్ ఆ మాట పలికితేనే పోయినవాడు నెమ్మదిస్తాడు.

డెబ్బై దాటాక థామసిన్ కళ్లకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు కొక్కేనికి వేలాడుతున్న కోటును చూసి పాదిరిగారనుకుని, "కూర్చోండి బాబూ, టీ పెడతాను" అంది. కోటు కూర్చోలేదు. కోడలు బెస్సీ మాత్రం నవ్వాపుకోలేక కూలబడింది.

"చక్కెర ఎన్ని చెంచాలో కూడా అడక్కపోయారా, అత్తయ్యా?"

"కోటుకి మర్యాద చేస్తే తప్పేంటే? నీకంటే అదే నయం, ఎదురు మాట్లాడదు."

మరునాడు ఉప్పనుకుని చేపలకు బట్టల సోడా పట్టించింది. కొడుకు రాల్ఫ్ నోరు కడుక్కుని పనిలోకి పోయాడు. కళ్లు చూపించుకోమని బెస్సీ అంటే ఇంతెత్తున లేచింది. ఆ కిటికీ పోతే తాను వట్టి ముసలమ్మ. అందుకని చెవులతో చూడటం నేర్చుకుంది. కొమ్ము రాళ్ల మీద అలల మోతను పట్టి మాట చెప్పేది. చలికాలమంతా తప్పు పోలేదు.

మార్చి నెలలో ఒక పొద్దున రాల్ఫ్ ముందుగా రేవుకు పోయాడు. అతని పడవలోనే వెళ్లే లాన్స్ రటర్ కిటికీ కిందకొచ్చి కేకేశాడు.

"ఎలా ఉంది, పిన్నీ? త్వరగా చెప్పు. హెస్టర్ లేచిందంటే నా చేత పొయ్యి బూడిద ఎత్తిస్తుంది."

థామసిన్ చెవి ఒగ్గింది. రాళ్ల దగ్గర అలికిడే లేదు.

"స్మోల్ట్ రా. పో, పెళ్లాం లేవకముందే."

లాన్స్ బూట్లు వెంటనే కదల్లేదు. ఏదో అడగబోయి మింగినట్టు గొంతు సవరించుకున్నాడు. తర్వాత వెళ్లిపోయాడు.

టీ పిప్పి పారబోద్దామని ఆవిడ ఇంటి మూల తిరిగింది. గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. నేల మీంచి సముద్రంలోకి వీస్తోంది. అలల మోతను అటే మోసుకుపోతోంది. స్మోల్ట్ కాదు, లౌన్. కొమ్ము దాటితే ఈ గాలి పడవను పట్టేస్తుంది.

పడవ కింద దుంగలు దొర్లుతున్న చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. అరిస్తే అందే దూరమే. కానీ వెళ్లేవాళ్లను వెనక్కి పిలవాలి. ఎందుకు పిలిచావంటే కళ్ల సంగతి చెప్పాలి. కొమ్ము దగ్గర వాళ్లే చూసుకుని తిరిగొస్తార్లే అనుకుంది. దుంగల చప్పుడు ఆగిపోయేదాకా టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

సాయంత్రం పొరుగూరి పడవవాళ్లు రాల్ఫ్‌ను తీసుకొచ్చారు. బోల్తాపడ్డ పడవను కరుచుకుని ఉన్నాడట. లాన్స్ దొరకలేదు.

వెతకడం మానేసిన రోజున హెస్టర్ వచ్చింది.

"మీరు స్మోల్ట్ అన్నారంటే అది స్మోల్టే, పిన్నీ. సముద్రమే తర్వాత తిరగబడింది. వచ్చి మా గడపలో 'రూ' అనండి. ఆయనకు ఆరడుగుల మన్ను కూడా దక్కలేదు."

పల్లెంతా అలాగే అనుకుంటోంది. థామసిన్ ఊరుకుంటే సరిపోయేది. గోడలు తడుముకుంటూ వెళ్లి, జనం నిండిన ఆ ఇంటి గడపలో నిలబడింది. 'రూ' నాలుక మీదకు రాలేదు.

"సముద్రం తిరగబడలేదే, హెస్టర్. పొద్దుట్నుంచీ అలాగే ఉంది. నాకు చూపు లేదు. చప్పుడు లేదని స్మోల్ట్ అన్నాను. గాలి తగిలాక తెలిసింది. అప్పటికి పడవ ఇంకా ఇసుకలోనే ఉంది. నేను పిలవలేదు."

పొయ్యి మీద కెటిల్ పొంగి నిప్పు మీద పడుతున్నా ఎవరూ దింపలేదు.

"నీ కొడుకూ ఉన్నాడు కదా అందులో," అంది హెస్టర్. "వాడి కోసమైనా పిలవాలనిపించలేదా?"

"వస్తారనుకున్నాను."

"ఆ మాటేదో అనేసి వెళ్లు. ఆయన కోసం. నీ కోసం కాదు."

థామసిన్ ఆ మాట అంది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. చెయ్యి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మరునాడు తెల్లవారకముందే అలవాటుగా కిటికీ దగ్గర కూర్చుంది. బూట్ల చప్పుడు వచ్చింది, కిటికీ కింద ఆగకుండా కొమ్ము పైకి ఎక్కిపోయింది. బెస్సీ వచ్చి భుజాల మీద శాలువా కప్పింది.

"కిందికి రండి, అత్తయ్యా. గాలి కొడుతోంది."

"ఎటునుంచే?"

బెస్సీ కిటికీ మూసింది.