రేడియేటర్లో ఉప్పునీళ్లు

వానలు మొదలయ్యే ముందు మా దీవి ఊరు ఫెరార్గంజ్‌లో ఓ వారం రోజులు గాలి కదలదు. ఆకాశం పోకతోటల మీదికి దిగివచ్చి అక్కడే ఆగిపోతుంది. మాటలు కూడా నెమ్మదిగా వినిపిస్తాయి. అలాంటి ఒక ఆదివారం పొద్దున నా పాత జీపు బానెట్ ఎత్తి, చల్లబడి ఉన్న ఇంజన్ ముందు నిలబడి రేడియేటర్ మూత తిప్పాను. ఆకుపచ్చగా కనిపించాల్సిన కూలెంట్ పాలు పోసిన టీ రంగులో ఉంది. మూత అంచుకి ఎర్రటి మడ్డి పట్టింది. వేలితో తీస్తే తడిమట్టిలా జారింది.

ముందురోజు పట్నంలోని అబర్డీన్ బజార్ నుంచి వస్తుంటే వేడి చూపించే సూది ఎర్రగీత దాకా వెళ్లింది. దారిలో రెండుసార్లు ఆపి, ఇంజన్ చల్లబడేదాకా చెట్టు నీడలో కూర్చున్నాను.

నేను ఈ దీవుల్లోనే పుట్టాను. చేపలవేట కోసం శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన నాన్న మళ్లీ వెనక్కి పోలేదు. అన్న ఆయన పడవ అందుకున్నాడు. నేను చదువుకుని బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆ జీపు నాకంటే ముందు అదే బడిలో పనిచేసిన మాస్టారిది. నాకు మొక్కలు లేవు, పిల్లి లేదు, అది ఉంది. దానికి నూనె మార్చడం, నీళ్లు చూడడం సెలవురోజుల్లో నా పని.

ఊరి మలుపులో రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే మిస్త్రీ వచ్చి చూశాడు. ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడతారో నాకు తెలియదు, మేమిద్దరం ఎప్పుడూ హిందీలోనే మాట్లాడుకుంటాం. ఆ నీళ్లను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఇంజన్ ఆయిల్ కలవలేదని చెప్పాడు. కలిసి ఉంటే జిడ్డుగా తేలేదట, అప్పుడు ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చేదట. నా ప్రాణం కుదుటపడింది. తర్వాత ఆయన ఒక పాత డబ్బాలో కాస్త పోసి, పెరట్లో పొయ్యి మీద ఇగిరేదాకా మరిగించాడు. డబ్బా అడుగున తెల్లటి పొర మిగిలింది.

"ఖారా పానీ, దీదీ. ఇందులో ఎవరో సముద్రం నీళ్లు పోశారు."

రెండు నెలల కిందట అన్న చేపలు తోలే బండి పాడైతే కొన్నాళ్లు జీపు ఇచ్చాను. నేను తప్ప దాన్ని నడిపింది అతనొక్కడే. ఇచ్చేటప్పుడు, ఇందులో ఈ పచ్చనీళ్లు తప్ప కుళాయి నీళ్లు కూడా పోయొద్దని రెండుసార్లు చెప్పాను. నాన్న ఉన్నప్పుడు పడవ ఇంజన్ను రోజూ మంచినీళ్లతో కడిగించేవాడు. ఉప్పు ఇనుముని ఏం చేస్తుందో అన్నకి నాకంటే బాగా తెలుసు.

ఫోన్ చేస్తే తీయలేదు. సాయంత్రానికి తనే వచ్చాడు. మిస్త్రీ చెప్పింది చెప్పి, డబ్బా చూపించాను. దాన్ని చేతిలోకి తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

అతనితో వేటకొచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు, నాన్న రోజుల నుంచీ మా పడవ మనిషి. జీపు అన్న దగ్గరున్న రోజుల్లో ఒకసారి వల లాగుతుంటే, తోకలో విషముండే టేకుచేప ముల్లు ఆయన పాదంలో దిగిందట. కాలు నల్లగా వాచిపోయి, ఆయనకి మాట తడబడుతోందట. ఆయన్ని జీపు వెనకాల పడుకోబెట్టుకుని ఆసుపత్రికి వస్తుంటే, సముద్రం పక్క రోడ్డు మీద రేడియేటర్ గొట్టం పగిలింది. గొట్టానికి గుడ్డ చుట్టి, తాగే నీళ్ల డబ్బాలు రెండూ పోశాడు. కొంతదూరం పోయేసరికి అవీ కారిపోయాయి. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు.

"ఎనకాల ఆయన మూలుగుతున్నాడు. ఎదురుగా నీల్లు, కంటికి ఆనినంత దూరం," అన్నాడు అన్న. "డబ్బాతో ముంచి పోసీసినాను సెల్లీ."

"మంచి పనే చేశావు. తర్వాతైనా చెప్పలేదేం?"

"నువ్వు రెండుసార్లు సెప్పి ఇచ్చినావు కదా. గొట్టం మార్చీసి, పైన పచ్చది పోసి తెచ్చీసినాను. ఎలా సెప్పాలో తెల్నేదు."

పెద్దాయన బతికాడు. ఇప్పటికీ కొంచెం కుంటుతూనే వేటకి పోతున్నాడు. అది విన్నాక నాకు కోపం రాలేదు, కాని ఏదో బెంగ పట్టుకుంది. నాకన్నా పదేళ్లు పెద్దవాడు నాకు భయపడ్డాడు. మా ఇద్దరి మధ్య అంత దూరం ఎప్పుడు పెరిగిందో నేను గమనించనే లేదు.

ఇంజన్లో నీళ్లు తిరిగే దారంతా మంచినీళ్లతో కడగాలని మిస్త్రీ చెప్పాడు. అప్పటికి కుళాయి రెండురోజులకొకసారి వస్తోంది, బావిలో అడుగు కనిపిస్తోంది. వాన కోసం ఆగాం. మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. మొదటి జల్లు రేకుల మీది దుమ్ము కడగడానికి వదిలేసి, తర్వాతి నీళ్లు చూరు కింద డ్రమ్ముల్లో పట్టాం. బడికి వేసవి సెలవులు. అన్న వేటకి పోకుండా ఉండిపోయాడు.

మూడురోజులు జీపు నిలిపిన పందిరి కిందే గడిచాయి. కింద మర విప్పి పాత నీళ్లు బేసిన్లోకి దింపడం, వాననీళ్లు నింపడం, పై గొట్టం చేతికి వేడిగా తగిలేదాకా ఇంజన్ తిప్పడం, ఆపి, పూర్తిగా చల్లారేదాకా కూర్చోవడం. చల్లారడానికి పట్టే సమయమే ఎక్కువ. పాత కూలెంట్ తియ్యగా ఉంటుందనీ, కుక్కలు నాకితే చచ్చిపోతాయనీ మిస్త్రీ గట్టిగా చెప్పాడు. అందుకని దింపినదాన్నల్లా మూత ఉన్న డబ్బాల్లో పోసి ఆయన షెడ్డుకి చేరవేశాం.

మొదట టీ రంగు, తర్వాత బెల్లం పానకం, ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్లు. వాన మా చుట్టూ తెల్లటి తెరలా పడుతోంది. తడి ఇనుము వాసన, పక్కింట్లో వేగుతున్న చేపల వాసన కలిసిపోయి వస్తున్నాయి. అన్న ఏదో చెబుతూ ఉండేవాడు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని రేవులో ఓడ చూపించడానికి తీసుకెళ్లడం, నేను ఓడని ఇల్లు అనుకోవడం. నాకేవీ గుర్తులేవు. అయినా వింటుంటే ఓడ కిటికీల్లో దీపాలు కూడా కనబడ్డాయి. ఏడోసారికో ఎనిమిదోసారికో నీళ్లు పోసినవి పోసినట్టే బయటికొచ్చాయి. అన్న బేసిన్లో చెయ్యి ముంచి, వేళ్లు కనిపిస్తున్నాయని నాకు చూపించాడు.

అంతటితో అయిపోలేదు. మర్నాడు రేడియేటర్ కింద తడి కనిపించింది. ఇన్నాళ్లూ తుప్పు మడ్డే సన్నటి చిల్లులకి అడ్డంపడి ఆపిందట, మేం కడిగేసరికి అవి తెరుచుకున్నాయి. రేడియేటర్ ఊడదీసి మిస్త్రీ నాలుగుచోట్ల అతుకు వేశాడు. ఇంకో ఏడాది లాగుతుంది, తర్వాత కొత్తది చూసుకోమన్నాడు. బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు, పచ్చ కూలెంట్ సగంసగం కలిపి అన్నే పోశాడు, నేను గరాటు పట్టుకున్నాను.

శనివారం అతన్ని ఇంటి దగ్గర దింపడానికి బయలుదేరాను. వాన వెలిసి రోడ్డు మీద నుంచి ఆవిరి లేస్తోంది. పోకచెట్లు సగం ఆవిరిలో, సగం ఎండలో ఉన్నాయి. కాసేపు ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నవాడు, తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుంది, గడ్డంలో తెల్లవెంట్రుకలు తడిగా మెరుస్తున్నాయి. అతని ఇంటి సందు వచ్చింది. లేపబుద్ధి కాలేదు. సందు దాటి, సముద్రం పక్కనే, మెల్లగా ముందుకి పోనిచ్చాను.